ఇంట్లో నలుగురికీ వరసగా సెగ్గడ్డలు, అత్తమ్మ రిపోర్టులో ఎంఆర్‌ఎస్‌ఏ అని వచ్చింది. ఇది దేని వల్ల?

కోవూరు కోడలు:

అందరికీ నమస్కారం. మాది కోవూరు పక్కన పల్లె. మా ఆయన వరికోత మిషన్ తోల్తాడు, నేను ఇంటికాడే జాకెట్లు కుడతా. అత్తమ్మ, మేమిద్దరం, ఒక పిల్లోడు. వాడు ఆరో తరగతి, హాస్టల్లో ఉండి చదువుకుంటా ఉండాడు.

సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు వాడి తొడ మీద సెగ్గడ్డ లేచింది. సున్నం, బెల్లం నూరి పెట్టినాం. నాలుగో రోజుకి పగిలి చీము మొత్తం పోయింది, మానింది. శివరాత్రి నాటికి మా ఆయనకి చంకలో రెండు. చెయ్యి ఎత్తలేక వారం రోజులు మిషన్ ఇంకొకరికి అప్పజెప్పినాడు, కోతల సీజన్లో వారం అంటే మాకు చాలా. ఉగాదికి నాకు నడుం దగ్గర, బొందు రాసుకునే చోట. ఒకటి మానేలోపు పక్కన ఇంకొకటి. ఆఖర్న అత్తమ్మకి మెడ వెనక. ఆమెకి పదేళ్లుగా షుగర్. మొదట చిన్న కురుపే, నాలుగు రోజులకి అరచేయంత అయింది, నాలుగైదు నోళ్లు తెరుచుకుని చీము కారింది. రాచపుండు అన్నారు, క్యాన్సర్ కాదంట, షుగర్ ఉన్నోళ్లకి లేచే పెద్ద సెగ్గడ్డ. నెల్లూరు తీసుకుపోతే షుగర్ 380 ఉండాది. కోసి చీము తీసి, ఆరు రోజులు మంచంలో ఉంచి పంపినారు. ఆ చీములో ఏ క్రిమి ఉందో ల్యాబులో పెంచి చూసే కల్చర్‌కి పంపితే స్టెఫైలోకాకస్ ఆరియస్, ఎంఆర్‌ఎస్‌ఏ అని కాగితం ఇచ్చినారు.

ఇంతకుముందు ఊళ్లో చూపించుకున్న ప్రతిసారీ ఒక సూది, మూడు రోజులకి అమాక్సిసిలిన్ బిళ్లలు. తగ్గినట్టే ఉంటాది, మళ్లీ వస్తాది. వేడి అన్నారు, కోడి, గుడ్డు, వంకాయ మానేసినాం. రక్తం చెడిందన్నారు, రక్తశుద్ధి టానిక్ రెండు సీసాలు తాగినాం. దిష్టి కూడా తీయించినా.

ఇప్పుడు మా వదిన ఫోన్లో చూసి, ఎంఆర్‌ఎస్‌ఏ అంటే ఏ మందూ పనిచేయదంట, అంటుకుంటాదంట అని పిల్లల్ని మా ఇంటికి పంపడం మానేసింది. నాకు పుండు కంటే అదే ఎక్కువ నొప్పిగా ఉండాది. మా పిల్లోడికి పరీక్షలు దగ్గరికొచ్చినాయి, హాస్టల్లో ఉంచాలా, తెచ్చుకోవాలా? అసలు ఇది మా ఇంట్లోకి యాడి నుంచి వచ్చింది, ఎట్లా పోతాది? తెలిసినవాళ్లు చెప్పండి.


అల్లూరు రైతు:

అమ్మా, ఉల్లిపాయ కాల్చి కట్టు, గడ్డ తొందరగా పండి పగులుతుందంటారు. మా తమ్ముడికి కాలికి ఇట్లాంటిదే వస్తే లినెజోలిడ్ రాశారు, ఆరు మాత్రలు మిగిలినాయి. ఖరీదైన మందు, పారేయలేక దాచాను. కావాలంటే బస్సులో పంపుతా.


పాత ల్యాబు మనిషి, నెల్లూరు:

అమ్మా, నేను ముప్పై ఒక్క ఏళ్లు ల్యాబులో చీము, రక్తం, కఫం ప్లేట్ల మీద గీసి చూసినవాణ్ని. రిటైరై నాలుగేళ్లయింది. డాక్టర్ని కాను, మందు రాయను. ఆ కాగితంలో ఏముందో, ఆ క్రిమి స్వభావం ఏమిటో మాత్రం చెప్పగలను.

ముందుగా అల్లూరు అన్నగారికి. మీ మనసు మంచిదే, కానీ ఆ ఆరు మాత్రలు పంపకండి. లినెజోలిడ్ కష్టకాలానికి దాచుకోవాల్సిన మందు. మూడు రోజులు వేసి ఆపితే గడ్డ పూర్తిగా మానదు, ఆ మందుకు లొంగని క్రిములు మిగిలే దారి ఏర్పడుతుంది. రెండు వారాలు దాటి వాడితే రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు, అందుకే మధ్యలో రక్తపరీక్ష చేయిస్తారు. ఇంటికి దాచుకునే మందు కాదది.

ఇప్పుడు నీ సంగతి. మీ రక్తం చెడలేదమ్మా. ఈ క్రిమి ఉండే చోటు ముక్కు. ముక్కురంధ్రంలో ముందు భాగం, వేలు పెడితే తగిలే చోటు. ప్రతి పదిమందిలో ముగ్గురి ముక్కుల్లో ఇది ఏ బాధా పెట్టకుండా కాపురముంటుంది. చంకల్లో, గజ్జల్లో కూడా ఉంటుంది. ముక్కు తుడుచుకున్న వేలు గోకుడుకు పోతుంది, గోకినచోట తోలు లేస్తుంది, లోపలికి దిగుతుంది. ఒకరి చీము అంటిన తువ్వాలు ఇంకొకరి ఒంటి మీదికొస్తుంది. సంక్రాంతికి తొడ, శివరాత్రికి చంక, ఉగాదికి నడుం అని నువ్వు రాసిన వరస చూడగానే నాకు అర్థమైంది, ఇది మీ ఇంట్లో మనిషి నుంచి మనిషికి తిరుగుతోంది.

వేడి అనే మాట పూర్తిగా తీసెయ్యను. ఎండల్లో చెమట, బిగుతు బట్టల రాపిడి, వెంట్రుక మొదళ్లు మూసుకుపోవడం, వీటివల్ల గడ్డలు ఎక్కువ లేస్తాయి. పెద్దవాళ్లు కాలాన్ని సరిగ్గానే పట్టుకున్నారు. కోడికీ వంకాయకీ మాత్రం సంబంధం లేదు. పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలి, మీ అత్తగారికి గుడ్డు మాన్పించొద్దు.

ఈ క్రిమిని చీములో మొదట గుర్తుపట్టింది అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే స్కాట్లండ్ సర్జను, 1880లో. మైక్రోస్కోపులో ద్రాక్షగుత్తిలా కనబడిందని గ్రీకులో ద్రాక్షగుత్తి అనే మాట తీసుకుని స్టెఫైలోకాకస్ అని పేరు పెట్టాడు. 1884లో రోజెన్‌బాఖ్ అనే జర్మను దాన్ని పెంచి, బంగారు రంగు చూసి ఆరియస్ అన్నాడు. ఆ రంగు నేను వేల ఉదయాలు చూశాను. రాత్రి 37 డిగ్రీల పెట్టెలో పెట్టిన ప్లేటు పొద్దున్నే తీస్తే, క్రిములకు మేతగా వేసే ఎర్రటి రక్తపు అగారు మీద పసుప్పచ్చటి చుక్కలు, చుట్టూ రక్తం కరిగి తేటపడిన వలయం. అందంగా ఉంటుంది. అది ఎవరి మెడ మీద నుంచి వచ్చిందో గుర్తొచ్చినప్పుడు ఆ అందం నిలవదు.

ఇక ఎంఆర్‌ఎస్‌ఏ, అంటే మెథిసిలిన్ అనే మందుకు లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్. ఫ్లెమింగ్ 1928లో పెన్సిలిన్ని చూసింది ఈ స్టెఫైలోకాకస్ ప్లేటు మీదే. ఆ మందు వాడుకలోకి వచ్చిన కొద్ది ఏళ్లకే దాన్ని విరగ్గొట్టే ఎంజైము చేసుకునే క్రిములు ఆసుపత్రుల్లో పెరిగిపోయాయి. అందుకే మీ ఊళ్లో ఇచ్చిన ఉత్త అమాక్సిసిలిన్, ఎంఆర్‌ఎస్‌ఏ కాకపోయినా ఈ క్రిమి మీద సాధారణంగా పనిచేయదు. మీకు ప్రతిసారీ తగ్గింది గడ్డ పగిలి చీము పోవడం వల్ల. ఆ ఎంజైముకు లొంగని మెథిసిలిన్ తెచ్చారు, 1961లో దానికీ లొంగని రకం ఇంగ్లండులో బయటపడింది. ఈ మందులన్నీ క్రిమి గోడ కట్టే ప్రొటీనుకు అతుక్కుని పని ఆపుతాయి. ఎంఆర్‌ఎస్‌ఏ దగ్గర మెక్‌-ఏ అనే జన్యువుంది, దానితో మందు అతుక్కోని వేరే ప్రొటీను చేసుకుని గోడ కట్టేసుకుంటుంది. మెథిసిలిన్ ఇప్పుడెవరూ వాడరు, పేరు మిగిలింది. ల్యాబులో దాని బదులు సెఫాక్సిటిన్ మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్ల ప్లేటు మీద పెట్టి చూస్తాం. నీ కాగితంలో సెఫాక్సిటిన్ ఎదురుగా ‘ఆర్’ అని ఉంటుంది చూడు. అంటే క్లాక్సాసిలిన్, సెఫలెక్సిన్, సెఫిక్సిమ్ లాంటివి పనికిరావని. ఏ మందూ పనిచేయదని కాదు. ఆ కింద వరసలు చదువు. కోట్రైమాక్సజోల్, డాక్సిసైక్లిన్, క్లిండమైసిన్, లినెజోలిడ్, వాంకోమైసిన్. ‘ఎస్’ అని ఉన్నవి పనిచేస్తాయి. ఏవేవి ఎస్ వచ్చాయో ఇక్కడ రాయి. భారత వైద్య పరిశోధన మండలి గమనిస్తున్న ఆసుపత్రుల్లో పెరిగే స్టెఫ్‌లో, అంటే స్టెఫైలోకాకస్ ఆరియస్‌లో, నలభై శాతానికి పైగా ఈ రకమే. మీ వదినకి ఈ మాట చెప్పు, మీ ఇల్లు ఒక్కటే వింత కాదు.

గడ్డకు అసలు వైద్యం చీము బయటికి పోవడం. పండిన గడ్డను డాక్టరు కోసి తీయాలి, ఇంట్లో పిండకూడదు. ముక్కు మీద, పైపెదవి మీద లేచినదాన్ని అసలు ముట్టుకోవద్దు, అక్కడి రక్తనాళాలకు మెదడు వైపు దారి ఉంది. అమెరికాలో రెండు పెద్ద పరీక్షలు జరిగాయి. 2016లో పన్నెండు వందల మందికి పైగా గడ్డలు కోసి, కొందరికి కోట్రైమాక్సజోల్, కొందరికి పోల్చి చూడటానికి మందు లేని ఉత్త బిళ్ల ఇచ్చారు. మందు వేసుకున్నవాళ్లలో 80.5 శాతం, ఉత్త బిళ్లవాళ్లలో 73.6 శాతం నయమయ్యారు. 2017లో చిన్న గడ్డల మీద పిల్లల్నీ కలిపి చేసినదాంట్లో ఉత్త బిళ్లతో 68.9 శాతం, మందుతో 82 దగ్గర. నాకు వీటిలో తెలిసింది, కోయడంతోనే పదిలో ఏడుగురు గట్టెక్కుతారు, సరైన మందు పడితే ఇంకొకరు. తప్పుడు మందు మూడు రోజులు మింగితే ఎవరికీ మేలు లేదు.

ఒకటి మానుతుంటే ఇంకొకటి లేస్తోందన్నావు, దానికి వేరే పని చేయాలి. అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో ఇట్లాగే గడ్డలొచ్చే పిల్లల మీద 2012లో ఒక పరిశోధన వచ్చింది. సగం ఇళ్లలో జబ్బుపడ్డ పిల్లకు మాత్రమే ముక్కులో మందు, ఒంటికి మందు స్నానం. మిగతా సగంలో ఇంటిల్లిపాదికీ. ఏడాదికి చూస్తే మొదటి గుంపులో నూటికి 72 మంది పిల్లలకు మళ్లీ గడ్డలు, రెండో గుంపులో 52 మందికి. తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. అందుకే ముక్కు మందు ఒక్కదానితో అయిపోయిందని అనుకోవద్దమ్మా, తువ్వాలు దగ్గర నుంచి మార్చుకోవాలి.

ఆ పద్ధతి ఇది. ఉన్న గడ్డలు ఎండాక, డాక్టరుతో రాయించుకుని, రెండు శాతం ముపిరోసిన్ ఆయింట్‌మెంటు ప్రతి ఒక్కరూ రెండు ముక్కురంధ్రాల ముందు భాగంలో పొద్దున, రాత్రి, ఐదు రోజులు. ఆ ఐదు రోజులూ నాలుగు శాతం క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంతో స్నానం. కంట్లో, చెవిలో పడకూడదు. చంకలు, గజ్జలు మరిచిపోకూడదు. నలుగురూ ఒకే ఐదు రోజులు చేయాలి, అదే ముఖ్యం. ఒకరు ముందు, ఒకరు వెనక చేస్తే మళ్లీ ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. ఐదు రోజులు దాటి ముపిరోసిన్ పూయొద్దు, దానికీ అలవాటు పడుతుంది. ఎవరి తువ్వాలు వారిది, ఎవరి సబ్బు వారిది, ఎవరి బ్లేడు వారిది. దుప్పట్లు, దిండు గలీబులు వేణ్నీళ్లలో ఉతికి మన నెల్లూరు ఎండలో ఆరేస్తే చాలు. గోళ్లు కత్తిరించు. నీ కొలతల టేపు, కత్తెర, మీ ఆయన కోత మిషన్ సీటులో వేసుకునే గుడ్డ, ఫోన్లు కూడా శుభ్రంగా ఉంచుకోవాలి. వీటిని ఎవరూ లెక్కపెట్టరు, అందుకే చెప్తున్నా.

పిల్లాడి సంగతి. పుండు ఆరిపోయినా, పొడిగా కట్టు కింద ఉన్నా హాస్టల్లో ఉండి పరీక్షలు రాయొచ్చు. కట్టు తడిసి చీము బయటికొస్తుంటే మాత్రం మానేదాకా ఇంట్లో. జ్వరం, వణుకు, ఎర్రదనం గీతలా పాకడం, కీలు కదపలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి. మీ అత్తగారికి షుగర్ అదుపులో లేకపోతే చీముతో పోరాడే తెల్లకణాలు సరిగా పనిచేయవు, ఆమెకి ఇన్సులిన్ కూడా యాంటీబయాటిక్ అంత మందే.


దర్శి పీఈటీ:

అక్కా, పెద్దాయన చెప్పిన కీలు మాట మీద నాదొకటి చెప్పాలి. నేను పిల్లలకి కబడ్డీ నేర్పుతా. మూడేళ్ల కిందట ఒక కుర్రాడికి మోకాలి కింద గడ్డ లేచింది. టీములోంచి తీసేస్తానని భయపడి నాకు చెప్పకుండా గుడ్డ చుట్టుకుని రెండు మ్యాచులు ఆడాడు. వారానికి జ్వరం, కాలు నేల మీద పెట్టలేడు. ఒంగోలు తీసుకెళ్తే ఎముకలోకి దిగిందన్నారు. ఆపరేషను, ఆరు వారాలు మందులు. నడుస్తున్నాడు, కానీ మళ్లీ ఆడలేదు. వాడు నాతో చెప్పడానికి భయపడ్డాడంటే ఆ తప్పు నాది.

ఆ తర్వాత కూర్చుని చదివాను. 2003లో అమెరికాలో సెయింట్ లూయీ రామ్స్ అనే ఫుట్‌బాల్ జట్టులో 58 మందిలో ఐదుగురికి ఎంఆర్‌ఎస్‌ఏ గడ్డలు లేచాయి. కృత్రిమ గడ్డి మీద పడి గీసుకున్న చోట్లే అన్నీ. ఆటగాళ్లు ఒకే తువ్వాలు ముగ్గురు వాడేవాళ్లంట, స్నానం చేయకుండా నీళ్ల తొట్టెల్లో దిగేవాళ్లంట. అచ్చం మా పిల్లలు చేసే పనే. కోట్లు ఖర్చు పెట్టే జట్టులోనే అట్లా ఉంటే మా సంగతేంది అనిపించింది.

ఇప్పుడు మా దగ్గర గీసుకుపోయిన చోటల్లా సబ్బుతో కడిగి మూయనిదే ఎవరూ బరిలో దిగరు. జెర్సీలు మార్చుకోరు. ఆట కాగానే బోరు దగ్గర సబ్బుతో స్నానం. ప్రతి సోమవారం వరసగా నిలబెట్టి, గడ్డ ఉన్నవాడు చెయ్యెత్తితే టీములో చోటు పోదని ముందే చెప్తాను. మీవాడి హాస్టల్లో వార్డెన్‌తో మాట్లాడండక్కా. వాడి గదిలో ఇంకెవరికైనా ఉందేమో అడగండి, తప్పకుండా ఉంటుంది.


కోవూరు కోడలు:

మాస్టారూ, మీరు రాసింది మా ఆయనకి, అత్తమ్మకి రెండుసార్లు చదివి వినిపించినా. చాన్నాళ్లకి ఎవరో మా మీద కోప్పడకుండా చెప్పినట్టుండాది. కాగితం చూసినా. కోట్రైమాక్సజోల్ ఎస్, డాక్సిసైక్లిన్ ఎస్, లినెజోలిడ్ ఎస్, వాంకోమైసిన్ ఎస్. ఎరిత్రోమైసిన్ ఆర్. క్లిండమైసిన్ దగ్గర డీ టెస్ట్ పాజిటివ్ అని రాసుండారు, అది అర్థం కాలా.

దర్శి తమ్ముడూ, వార్డెన్‌కి ఫోన్ చేసినా. అదే గదిలో ఇద్దరికి ఉండాదంట. ఒకే మగ్గు, ఒకే సబ్బు.

ఇంకో రెండు అడగాలి. నా కుడిచేతి చూపుడువేలికి కొత్తగా చిన్న గడ్డ లేచింది, సూది గుచ్చుకున్న చోట. వచ్చే వారం మా ఆడబిడ్డ కూతురి ఓణీల ఫంక్షను. పాలకోవా, దద్దోజనం నేనే చెయ్యాలి. ఎట్లాగూ పొయ్యి మీద కాగుతాది కదా, క్రిమి చచ్చిపోదా? ఇంకోటి, పోలియోకి ఉన్నట్టు దీనికి టీకా లేదా?


కొండపి గేదెలామె:

చెల్లీ, ఆ వేలితో కోవా చెయ్యొద్దు. నేను పాలకేంద్రానికి పాలు పోస్తా, ఆరు గేదెలు. పొదుగువాపు వచ్చిన గేదె పాలల్లో చాలాసార్లు ఈ క్రిమే ఉంటుందని పశువుల డాక్టరు చెప్పారు. చీము చేత్తో పాలు పిండినా పోతుంది. ఆ క్రిమి పాలల్లో పెరిగేటప్పుడు ఒక విషం వదుల్తుంది. పాలు కాస్తే క్రిమి చస్తుంది, విషం చావదు. కోవా చేసి చల్లారినాక నీ వేలు తగిలి, బేసిన్లో మూత పెట్టి సాయంత్రందాకా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. తిన్న రెండు మూడు గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. మా ఊళ్లో ఒక గృహప్రవేశంలో దద్దోజనం తిని పందిరంతా వాంతులే, పిల్లలకి సెలైన్లు పెట్టారు. ఆ ఇంటావిడ ఇప్పటికీ తలెత్తుకోలేదు. పాపం, ఆమె చేతికేముందో ఎవరూ అడగలా.

మా ఇంట్లో పాలు పిండే ముందు, తర్వాత చేతులు కడుక్కుంటాం. పిండినాక చన్నులు అయోడిన్ మందులో ముంచుతాం. వాపున్న గేదెను ఆఖర్న పిండుతాం.


పాత ల్యాబు మనిషి, నెల్లూరు:

కొండపి అమ్మ చెప్పినదానికి నేను కలిపేది ఏమీ లేదు. ఆ పని వేరేవాళ్లకి అప్పజెప్పు తల్లీ.

డీ టెస్ట్ అంటే, ఎరిత్రోమైసిన్ బిళ్ల పక్కన క్లిండమైసిన్ బిళ్ల పెడతాం. క్లిండమైసిన్ చుట్టూ ఖాళీ వలయం గుండ్రంగా రాకుండా, ఎరిత్రోమైసిన్ వైపు చదునై ఇంగ్లీషు ‘డీ’ అక్షరంలా వస్తే, ఆ క్రిమి పైకి క్లిండమైసిన్‌కు లొంగినట్టు కనిపించినా వైద్యం మధ్యలో తిరగబడగలదని అర్థం. కాబట్టి మీ క్రిమికి క్లిండమైసిన్ లేనట్టే అనుకోవాలి. మీకు ఆ టెస్టు చేసినవాళ్లు శ్రద్ధగా పని చేశారు. తర్వాత ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ఈ కాగితం చేతిలో ఉండాలి.

టీకా లేదమ్మా. ప్రయత్నం చేయలేదని కాదు. స్టెఫ్‌వాక్స్ అనేది 2005లో ఆఖరి దశ పరీక్షలో నిలవలేదు. మెర్క్ కంపెనీ టీకాను గుండె ఆపరేషన్లకు వెళ్లే ఎనిమిది వేల మంది మీద పరీక్షిస్తూ 2011లో ఆపేశారు. మేలు కనపడకపోగా, ఆ తర్వాత స్టెఫ్ సోకినవాళ్లలో టీకా వేసుకున్నవాళ్లే ఎక్కువ మంది చనిపోయారు. ఫైజర్‌ది 2018లో ఆగింది. నేను ల్యాబులో ఉన్నప్పుడు ఈ వార్తలు ఒక్కొక్కటీ చదివి దిగులుపడ్డాను. పోలియో మనకి బయటి శత్రువు. ఇది పుట్టిన కొద్ది వారాల నుంచే మన ముక్కులో ఉంటోంది, మన ఒంటికి దీని పరిచయం ముందే ఉంది. ఆ పరిచయం మీద టీకా పనిచేయించడం అంత తేలిక కాలేదు.

నాకు ఆశ ఉన్న దారి వేరు. 2016లో జర్మనీ ట్యూబింగెన్‌లో, కొందరి ముక్కుల్లో ఉండే స్టెఫైలోకాకస్ లగ్డునెన్సిస్ అనే ఇంకో క్రిమి లగ్డునిన్ అనే పదార్థం చేసి ఈ ఆరియస్‌ను రానివ్వడం లేదని కనిపెట్టారు. 2018లో థాయ్‌లాండ్ పల్లెల్లో రెండు వందల మందిని చూస్తే, పేగుల్లో బేసిల్లస్ సూక్ష్మజీవులు ఉన్నవాళ్లలో ఒక్కరి దగ్గరా ఆరియస్ లేదు. పొలం పనులు చేసి, ఇంటి కూరగాయలు తినే మనలాంటి పల్లెజనం వాళ్లు. తర్వాత 2023లో బేసిల్లస్ సబ్టిలిస్‌ను నెలరోజులు మింగించి చూస్తే పేగుల్లో ఆరియస్ 96 శాతానికి పైగా తగ్గింది, ముక్కులో కూడా సగానికి పైగా తగ్గింది. యాంటీబయాటిక్ లేకుండా. గడ్డలు ఆగుతాయని ఇంకా చూపించలేదు కాబట్టి, ప్రోబయోటిక్ అని రాసిన ప్రతి పొట్లం కొని డబ్బు పోగొట్టుకోవద్దు. ఇప్పటికి మన చేతిలో ఉన్నవి సబ్బు, ఎండ, వేరు తువ్వాలు, ఐదు రోజుల ఆయింట్‌మెంటు.


కోవూరు కోడలు:

అందరికీ చెప్పాలని మళ్లీ రాస్తా ఉండా. ఇది జూన్ రెండో వారం.

పరీక్షలయి పిల్లోడు ఇంటికొచ్చినాక, నలుగురం ఒకేసారి మొదలుపెట్టినాం. నెల్లూరు పొగతోటలో డాక్టరమ్మకి రిపోర్టు చూపించి రాయించుకున్నా. నా వేలు కోసి, కోట్రైమాక్సజోల్ ఇచ్చింది. అత్తమ్మ ముక్కులో మందు పెట్టుకోనని రెండు రోజులు పోరాడింది, ముక్కుపుడక తీయాలన్నామని. పెళ్లినాటి నుంచి తీయలేదంట. ఆఖరికి మనవడు అద్దం పట్టుకుని ఎదురుగా కూర్చుంటే తీసింది. పుడకని డాక్టరమ్మ చెప్పినట్టు కడిగి, ఐదు రోజులయినాక మళ్లీ పెట్టినా.

మే నెలలో మా ఆయనకి ఒకటే చిన్నది లేచింది, చంకలో కాదు, మోచేతి దగ్గర. పిండకుండా కట్టు కట్టినాం, మందు లేకుండానే పోయింది. మిగతా ముగ్గురికి ఇంతవరకు లేదు. అత్తమ్మ మెడ పుండు మానింది, మచ్చ ఉండాది. షుగర్ 160 దగ్గర ఉంటా ఉండాది.

ఓణీల ఫంక్షన్‌కి కోవా మా వదినే చేసింది. మాస్టారు రాసింది ఆమెకి ఫోన్లో చదివి వినిపించినా. పిల్లలిద్దర్నీ తీసుకొచ్చి మా ఇంట్లోనే రెండు రోజులుండి పోయింది.

రేపు పిల్లోణ్ని హాస్టల్లో దించాలి. రెండు తువ్వాళ్లు, మగ్గు, సబ్బుపెట్టె కొన్నా. తువ్వాళ్ల అంచుకి వాడి పేరు ఎర్రదారంతో నేనే కుట్టినా. వాడి గదిలో ఆ ఇద్దరు పిల్లోళ్లవి కూడా పేర్లు కనుక్కుని వాళ్లకీ రెండేసి కుట్టి పెట్టినా, వార్డెన్ సరేనన్నాడు.